మధ్యాహ్నం నీడ ఎటు పడుతుంది? చిన్న తరగతుల భూగోళం ఆరుబయట చెప్పాలా, పుస్తకంలోనా?

కర్రనీడ:
మా అమ్మాయి మూడో తరగతి. మొన్న పరీక్షలో "మధ్యాహ్నం వేళ మన నీడ ఏ దిక్కున పడుతుంది?" అని అడిగారు. "జూన్‌లో దక్షిణం" అని రాసింది. ఎర్ర సిరాతో ఇంటూ కొట్టి పక్కన "ఉత్తరం" అని రాసి పంపారు. నా గోల ఒక మార్కు గురించి కాదు. అది ఊహించి రాసిన జవాబు కాదు. జూన్ మూడో వారంలో పెరట్లో మీటరు కర్ర నిలువుగా పాతి, పదకొండున్నర నుంచి ఒంటిగంట దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొస దగ్గర గులకరాయి పెడుతూ కూర్చుంది. మూడు రోజులు మబ్బు పట్టి పాడయ్యాయి, నాలుగో రోజు కుదిరింది. అన్నిటికన్నా పొట్టి నీడ ఎటు ఉందో చూసి రాసుకుంది. ఇంత చేసిన పిల్లకి వచ్చింది ఇంటూ మార్కు. ఎనిమిదేళ్ళ పిల్లలకి చేతులతో ఏదీ చేయించకుండా ఖండాలు, మహాసముద్రాలు అప్పజెప్పించుకుంటే ఒరిగేదేంటో ఎవరైనా చెప్పండి.

చాక్‌పీసు:
ఇరవై ఏళ్ళకు పైగా చిన్న తరగతులకి చెబుతున్నాను కాబట్టి ఒరిగేదేంటో నేను చెబుతాను. పీరియడు 40 నిమిషాలు. 45 మందిని వరసలో నిలబెట్టి బయటికి తీసుకెళ్ళేసరికి పది పోతాయి, మళ్ళీ లోపలికి తెచ్చి చెప్పులు వెతికించేసరికి ఇంకో పది. మిగిలిన ఇరవైలో ముందు వరస పిల్లలు కర్ర చూస్తారు, వెనక వరస పిల్లలు చీమల్ని చూస్తారు. అదే క్లాసులో గ్లోబు తిప్పి చూపిస్తే అందరికీ కనబడుతుంది. ఇక "చేతులతో చేయించడం" అంటే ఆచరణలో ఏమవుతుందో మీకూ తెలుసు. థర్మాకోల్ కొండ, నీలం రంగు నది, పచ్చ స్పాంజి చెట్లు, అన్నీ అమ్మ చేతి పని. ఇంకా ఘోరం ఆ వెనిగర్, సోడా అగ్నిపర్వతం. అది చేసిన పిల్లలు నిజం అగ్నిపర్వతంలో కూడా ఏదో పుల్లటి ద్రవం పొంగుతుందనుకుంటారు. లోపల కరిగిన రాయి ఉంటుందనీ, అందులోని వాయువుల వల్లే అది పైకి ఎగదన్నుతుందనీ చెబితే నమ్మరు, "మేం చేశాం కదా సార్" అంటారు. తప్పు నేర్పే పనికన్నా ఒప్పు చెప్పే పుస్తకం నయం.

నిద్రమత్తు:
మావాడి అగ్నిపర్వతం నేనే చేశాను. నాకు పదికి తొమ్మిది వచ్చాయి.

కర్రనీడ:
చాక్‌పీసు గారూ, మీరు తిట్టేది ప్రాజెక్టుల్ని. నేనూ తిడతాను. ఇంటికి వచ్చిన ప్రాజెక్టు వేరు, పిల్ల తన చేతులతో కొలవడం వేరు. థర్మాకోల్ కొండలో పిల్ల కనిపెట్టేది ఏమీ లేదు, అంతా ముందే తెలిసిందే కదా. వాన కొలిచే సీసా సంగతి చెబుతాను చూడండి. ఖాళీ ప్లాస్టిక్ సీసా మెడ కోసి, దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టాం. అడుగు ఎగుడుదిగుడుగా ఉంది కాబట్టి గులకరాళ్ళు వేసి, సీసా నిటారుగా మొదలయ్యే చోటుదాకా నీళ్ళు పోసి, అక్కడ సున్నా గీత గీసింది. రాత్రి వాన పడితే పొద్దున 14 మిల్లీమీటర్లు. పక్కనే పెట్టిన బకెట్టు చూసి "బకెట్లో ఎక్కువ నీళ్ళున్నాయి, అక్కడ ఎక్కువ వాన పడిందా?" అంది. స్కేలు పెట్టి కొలిచింది. కాస్త అటూ ఇటూగా అదే ఎత్తు. మూతి ఎంత వెడల్పుంటే అన్ని నీళ్ళు పడతాయి, ఎత్తు మాత్రం మారదు అన్నది అప్పుడు అర్థమైంది. మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకి లీటరు నీళ్ళు అని ఆ తర్వాత చెబితే చటుక్కున పట్టుకుంది, మేడ మీద ఎన్ని లీటర్లు పడ్డాయో లెక్కేస్తానని కూర్చుంది. ఇది 45 మందితో అసాధ్యమా? సీసా ఒక్కటి చాలు, రోజుకో ఇద్దరు చదివి బోర్డు మీద రాస్తే సరిపోతుంది.

దిక్సూచి:
సీసా సంగతి తర్వాత. నీడ దక్షిణంగా పడిందని ఎలా తేల్చారు? ఫోనులో దిక్సూచా? ఫోను కవరుకి అయస్కాంతం బిళ్ళ ఉందా? దగ్గర్లో ఇనప గేటు ఉందా? అసలు అయస్కాంత ఉత్తరం, భూమి ఉత్తరం ఒకటే కావు, అది తెలుసా?

కర్రనీడ:
తెలుసండీ. అయినా పది డిగ్రీలు అటూ ఇటూ అయినంత మాత్రాన దక్షిణం ఉత్తరం అయిపోదు కదా.

దిక్సూచి:
అడిగింది కవరు గురించి.

పటాలపిచ్చి:
దిక్సూచి గారూ, దిక్సూచి లేకుండానే దిక్కు తెలుస్తుంది. కర్ర చుట్టూ గుండ్రంగా గీత గీయండి. పొద్దున నీడ కొస ఆ గీతని తాకి లోపలికి వచ్చే చోటు ఒకటి, మధ్యాహ్నం దాటాక బయటికి పోయే చోటు ఒకటి. ఆ రెండూ కలిపితే తూర్పు, పడమర. మన పాతవాళ్ళు శంకువు పాతి దిక్కులు కట్టింది ఇలాగే, శంకుస్థాపనలోని శంకువు అదే. నీడ విషయంలో పాప చెప్పింది తప్పు కాదు. కర్కటరేఖకి ఉత్తరాన ఉన్నవాళ్ళకి ఏడాదంతా మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే. భూమధ్యరేఖకీ కర్కటరేఖకీ మధ్య ఉన్నవాళ్ళకి ఏడాదిలో రెండు రోజులు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ రెంటి మధ్య రోజుల్లో నీడ దక్షిణానికి పోతుంది. 15 డిగ్రీల అక్షాంశం దగ్గరైతే నడినెత్తికి వచ్చే ఆ రెండు రోజుల్లో ఒకటి మే మొదట్లో, ఇంకోటి ఆగస్టు రెండో వారంలో.

కానీ కర్రనీడ గారూ, నేను పూర్తిగా మీ పక్షం కాదు. పెరట్లో సహారా దొరకదు. చూసిందే నేర్పాలంటే పిల్లల లోకం ప్రహరీ గోడ దగ్గర ఆగిపోతుంది. గ్రీన్‌లాండ్ వైశాల్యం 21 లక్షల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, ఆఫ్రికా 3 కోట్లు, అంటే దాదాపు పద్నాలుగు రెట్లు. ధ్రువాల వైపు పోయేకొద్దీ నేలని సాగదీసి చూపే 1569 నాటి మెర్కేటర్ పద్ధతిలో గీసిన గోడపటంలో రెండూ ఒకే సైజులో కనబడతాయి. ఇది ఏ గులకరాయితో తెలుస్తుంది? పటం, గ్లోబు పక్కపక్కన పెడితేనే తెలుస్తుంది.

చాక్‌పీసు:
ఇదీ మాట. ఇంకోటి చెబుతాను. నైలు నది దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుందంటే ప్రతి ఏడూ ఒకడు లేచి "సార్, పైకి ఎలా పారుతుంది?" అంటాడు. వాడికి కాలవ చూపిస్తే ఏం లాభం?

కర్రనీడ:
ఆ పటాన్ని గోడ మీంచి తీసి నేల మీద పరవండి మాస్టారూ! పటంలో ఉత్తరం అసలు ఉత్తరం వైపుకి తిప్పి పరిచి, పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టండి. "పైన" అన్న మాటే పోతుంది, ఇక పైకి పారే ప్రశ్న ఎక్కడిది? గోడకి మేకు కొట్టి వేలాడదీసింది మనం, తెలివితక్కువ మాత్రం పిల్లాడిదా? ఇసక ట్రే ఒకటి కాస్త వాల్చి మగ్గుతో నీళ్ళు పోయండి, నీళ్ళు వాలు చూస్తాయో దిక్కు చూస్తాయో వాళ్ళే చెబుతారు. నేనేమీ కొత్తగా కనిపెట్టలేదు, పెస్టలోజ్జీ అనే విద్యావేత్త రెండు వందల ఏళ్ళ కిందట స్విట్జర్లాండ్‌లో యివెర్డాన్ అనే ఊళ్ళో తన బడి పిల్లల్ని లోయలోకి తీసుకెళ్ళి, అక్కడి బంకమట్టి తెప్పించి, అదే లోయని బల్లల మీద చేయించేవాడు. పటం చూపించింది ఆ తర్వాతే.

చాక్‌పీసు:
పెస్టలోజ్జీకి సిలబసు ఎప్పటికల్లా పూర్తి చేస్తావని అడిగేవాళ్ళు లేరు లెండి. మీకు ఒక్క పిల్ల, ఒక పెరడు, కావలసినంత తీరిక. మాకు చెప్పడం సులువే.

కర్రనీడ:
తీరిక సంగతి మీకేం తెలుసు? ఆ నాలుగు రోజులూ నేను సెలవు పెట్టి కూర్చున్నాను. ఆరుబయటికి తీసుకెళ్ళడం చేతకాకపోతే చేతకాదని చెప్పండి, పిల్లల మీద, చీమల మీద నెట్టకండి. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది.

నిద్రమత్తు:
పాప్‌కార్న్ తెచ్చుకుంటా.

చాక్‌పీసు:
చేతకాకపోవడమా. సరే, వినండి. కొన్నేళ్ళ కిందట నాలుగో తరగతి వాళ్ళని చెరువుగట్టుకి తీసుకెళ్ళాను. గట్టుకి అటువైపూ ఇటువైపూ మట్టి పట్టుకుని చూడమన్నాను, ఏది జిగురుగా ఉంది, ఏది పొడిగా రాలుతోంది, నీళ్ళు పోస్తే ఏది త్వరగా ఇంకుతుంది అని. ఒకడు జారి మోకాలికి రెండు కుట్లు పడ్డాయి. ఆ రాత్రి వాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను. మర్నాడు నా చేత సంజాయిషీ రాయించుకున్నారు, ఎవరిని అడిగి తీసుకెళ్ళావని. పిల్లలు ఏం నేర్చుకున్నారని ఒక్కరూ అడగలేదు. ఆ మట్టి పొట్లాలు నెల రోజులు కిటికీలో ఉండి, ఎవరో ఊడ్చి పారేశారు.

ఇంకో మాట. మీ అమ్మాయి జవాబు సరైనదేనని మీ మొదటి పోస్టు చదివినప్పుడే నాకు తెలుసు.

కర్రనీడ:
తెలుసా? మరి ఇంతసేపూ ఎందుకు వాదించారు? పోనీ ఒకటి చెప్పండి. ఆ పేపరు మీరు దిద్దితే?

చాక్‌పీసు:
ఇంటూయే పెట్టేవాణ్ణి.

వానచినుకు:
అమ్మో.

కర్రనీడ:
తెలిసి తెలిసీ?

చాక్‌పీసు:
తెలిసే. కీలో ఉత్తరం అని ఉంది. ఒక పిల్లకి దక్షిణానికి మార్కు వేస్తే "కీ మార్చే అధికారం నీకెవరిచ్చారు" అని పైనుంచి, "మా వాడికి ఎందుకు వేయలేదు" అని ఇంకో నలుగురు తల్లిదండ్రుల నుంచి. ఆ నలుగురికీ కర్ర పాతి చూపించనా? ఆ పిల్లని పక్కకి పిలిచి "నువ్వు చూసింది నిజమే" అని చెబుతాను. మార్కు మాత్రం వేయను.

కర్రనీడ:
నాకు మంట పుట్టించేది సరిగ్గా అదేనండీ. చెవిలో "నిజమే", కాగితం మీద "తప్పు". ఎనిమిదేళ్ళ పిల్లకి అందులో ఏది పాఠం? మా పిల్ల ఏం చేసిందో తెలుసా, ఇంటూ చూసి వెళ్ళి నోట్సులో దక్షిణం కొట్టేసి ఉత్తరం అని రాసుకుంది. తను కళ్ళారా చూసినదాన్ని. నేను పోస్టు పెట్టింది అందుకు. ఇందాకటి నుంచి సీసాలు, ట్రేలు అని ఏదేదో మాట్లాడుతున్నాను గానీ.

పటాలపిచ్చి:
ప్రశ్నే తప్పు కదా అసలు. "ఈ రోజు, మీ బడిలో" అని అడిగితే అయిపోయేది.

చాక్‌పీసు:
అలా అడిగితే ఒక్కో బడికి ఒక్కో జవాబు, ఒక్కో నెలకి ఒక్కో జవాబు. అలాంటి పేపరు ఎవరూ తయారు చేయరు. చేస్తే దిద్దడానికి టీచరు కూడా బయటికెళ్ళి కర్ర పాతాలి. (పాతడం మంచిదే అనుకోండి.)

కర్రనీడ గారూ, ఆ పొట్టి నీడ పొడవు ఎంత వచ్చింది? రాసుకుందా?

కర్రనీడ:
రాసుకుంది. 11 సెంటీమీటర్లు. జూన్ 20. ఎందుకు?

చాక్‌పీసు:
కర్ర మీటరు అన్నారు. మీటరుకి 11 సెంటీమీటర్ల నీడ అంటే సూర్యుడు నడినెత్తి నుంచి ఆరు డిగ్రీల పైన కాస్త ఉత్తరంగా ఉన్నాడు. ఆ రోజుల్లో సూర్యుడు 23.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద నిలువుగా ఉంటాడు. అందులోంచి ఆరు చిల్లర తీసేస్తే 17. మీ ఇల్లు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి అటూ ఇటూగా ఉండాలి. అట్లాసులో చూసుకోమనండి మీ అమ్మాయిని. అరడిగ్రీ తేడా రావచ్చు, కర్ర ఏమాత్రం వాలినా అంత వస్తుంది.

కర్రనీడ:
చూశాం. 17 చిల్లరే. నోట్సులో ఉత్తరం కొట్టేసి మళ్ళీ దక్షిణం రాసింది, ఆ పేజీ ఇప్పుడు చూడ్డానికి అసహ్యంగా ఉంది. "ఆ సార్ ఏ బడి?" అని అడుగుతోంది, ఏం చెప్పను? ఇంటూ పెడతానన్న సంగతి మాత్రం నేనింకా ఒప్పుకోలేదు.

చాక్‌పీసు:
ఒప్పుకోమని నేనూ అడగలేదు.

దిక్సూచి:
ఫోను కవరుకి అయస్కాంతం ఉందో లేదో ఇంతవరకూ చెప్పలేదు.