అప్‌లోడ్ లిమిట్ ఎంత పెడితే న్యాయం? సీడ్ చేస్తే (దిగిన ఫైల్‌ని ఇతరులకు పంచుతుంటే) ఐపీ (మన నెట్ చిరునామా) బయటపడుతుందా?

కూకట్‌పల్లి_ఫ్లాట్:
నలుగురం ఉంటున్న ఫ్లాట్, ఒకటే ఫైబర్ కనెక్షన్, అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్. క్యూబిట్‌టొరెంట్ అనే టొరెంట్ యాప్‌లో ఉబుంటు (లినక్స్), ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత పుస్తకాల టొరెంట్లు నడుస్తున్నాయి. పగలు ఇద్దరికి ఆఫీస్ కాల్స్ ఉంటాయని అప్‌లోడ్ సెకనుకి 10 కేబీకి కట్టేశాం. అప్పట్నుంచి డౌన్‌లోడ్ కూడా నత్తనడకే. ఎంత ఇస్తే న్యాయం అండి? ఎక్కువ ఇస్తే మన ఐపీ ఎక్కువమందికి తెలుస్తుందంటున్నారు, నిజమేనా?

సీడర్_సికింద్రాబాద్:
తంటా అంతా ఆ 10 దగ్గరే ఉంది. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టొరెంట్ తెచ్చినప్పటి నుంచీ దాని పద్ధతి ఇచ్చిపుచ్చుకోవడమే. ఎవరి నుంచి ఎంత వేగంగా వస్తోందో ప్రతి క్లయింటూ (టొరెంట్ యాప్) 10 సెకన్లకోసారి లెక్క చూసుకుని, బాగా ఇస్తున్న కొద్దిమందికే తలుపు తీస్తుంది. డేటా 16 కేబీ బ్లాకులుగా వెళ్తుంది. మీ 10 కేబీని నాలుగు స్లాట్లకు (ఒకేసారి ఇచ్చే నలుగురికి) పంచితే తలా రెండున్నర. ఒక్క బ్లాకు చేరడానికే ఆరు సెకన్లు దాటుతుంది. లెక్క చూసే వేళకి అవతలివాళ్ల చేతిలో మీ నుంచి వచ్చింది ఆ ఒక్క బ్లాకే, ఇక మిమ్మల్నెందుకు ఎంచుకుంటారు? 30 సెకన్లకోసారి కొత్తవాళ్లలో ఒకరికి ఇచ్చి చూసే అవకాశం, సీడర్ల (ఫైల్ మొత్తం ఉండి పంచేవాళ్ల) దయ, ఈ రెండిటి మీదే మీ డౌన్‌లోడ్ బతుకుతోంది.

అలాగని లిమిట్ మొత్తం తీసేయకండి. లైన్ నిండితే ప్యాకెట్లు రౌటర్‌లో క్యూ కడతాయి. డౌన్‌లోడ్ అందిందని తిరిగి చెప్పే చిన్న ప్యాకెట్లు కూడా ఆ క్యూలోనే ఇరుక్కుంటాయి కాబట్టి కాల్స్‌లో మాట తెగుతుంది, డౌన్‌లోడూ పడిపోతుంది. 40 ఎంబీపీఎస్‌ని 8తో భాగిస్తే సెకనుకి 5 ఎంబీ, అంటే 5000 కేబీ. రాత్రికి అందులో 80 శాతం, 4000 పెట్టండి. పగలు 1500 చాలు. ఆల్టర్నేటివ్ రేట్ లిమిట్స్‌లో టైమ్ షెడ్యూల్ ఉంది, రోజూ చేత్తో మార్చక్కర్లేదు. ట్రాన్స్‌పోర్ట్ ఓవర్‌హెడ్‌కి కూడా లిమిట్ వర్తించే టిక్ పెట్టండి, లేదంటే హెడర్లు (డేటా వెంట వెళ్లే చిరునామా వివరాలు) లెక్కలోకి రావు. ప్లాన్ మీద రాసిన 40ని నమ్మకండి. కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేసి, వచ్చిన అంకెతో లెక్కేయండి.

పోర్ట్_6881:
లిమిట్‌కీ ఐపీకీ సంబంధం లేదు. 1 కేబీ ఇచ్చినా 4000 ఇచ్చినా స్వార్మ్‌లో (ఆ టొరెంట్‌ని పంచుకునే గుంపులో) ఉన్నంతసేపు మీ ఐపీ, పోర్టు, క్లయింట్ పేరు, ఎంత శాతం దిగిందో అన్నీ కనిపిస్తాయి. పీర్స్ (ఆ గుంపులోని మిగతావాళ్ల) ట్యాబ్ తెరిచి చూడండి. అక్కడ వాళ్లు మీకెలా కనిపిస్తున్నారో మీరూ వాళ్లకి అలాగే కనిపిస్తారు. ఎన్‌క్రిప్షన్ దారి మధ్యలో చూసేవాళ్ల కోసమే, ఎదుటి పీర్ నుంచి ఏమీ దాచదు. అనానిమస్ మోడ్ క్లయింట్ గుర్తుల్ని తీసేస్తుంది కానీ ఐపీని కాదు. వీపీఎన్ (వేరే సర్వర్ మీదుగా నెట్ నడిపే సేవ) వాడితే అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లోని నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌కి దాన్నే కట్టేయండి. లేకపోతే వీపీఎన్ తెగిన మరుక్షణం ట్రాఫిక్ ఇంటి ఐపీ మీదికి వచ్చేస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశం ప్రకారం వీపీఎన్ కంపెనీలు వాడకందార్ల వివరాలు ఐదేళ్లు ఉంచాలన్నదీ గుర్తుంచుకోండి.

న్యాయం సంగతికొస్తే, ఇచ్చిపుచ్చుకోవడం సగం న్యాయమే. ఫోన్ హాట్‌స్పాట్ మీద తనకున్న 200 కేబీ మొత్తం ఇచ్చేవాళ్లు, ఫైబర్‌లో పదో వంతు విదిల్చేవాళ్ల ముందు ఓడిపోతారు. దీన్ని సరిచేయాలని కొన్ని ప్రైవేట్ ట్రాకర్లు (పీర్లను ఒకరికొకరిని కలిపే, సభ్యులకే ఉండే సర్వర్లు) రేషియో పద్దు, అంటే తీసుకున్నదానికి ఎంత ఇచ్చారన్న లెక్క రాస్తాయి. ఎంత అప్‌లోడ్ చేశామన్నది మన క్లయింటే ట్రాకర్‌కి చెప్పుకుంటుంది, అందులో అబద్ధం ఆడొచ్చు. అది పట్టుకోవాలంటే ఖాతా, ఐపీ, టైమ్ అన్నీ దాచాలి. అలా ఎవరేం తీసుకున్నారో ఒకేచోట పోగుపడుతుంది. నేనైతే ఆ సగం న్యాయాన్నే ఎంచుకుంటాను. అందులో గుర్తుపెట్టుకునేది ఎదుటి క్లయింట్ ఒక్కటే, అదీ ఆ కాసేపే. సీడ్ చేసేటప్పుడు మాత్రం అప్‌లోడ్ చోకింగ్‌ని రౌండ్-రాబిన్‌కి (వంతులవారీకి) మార్చండి, నెమ్మది కనెక్షన్ వాళ్లకీ వంతు వస్తుంది.

సీడర్_సికింద్రాబాద్:
ఇంకోటి. రౌటర్ స్టేటస్ పేజీలో ఇంటర్నెట్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీన్యాట్ (ఒకే ఐపీని ప్రొవైడర్ చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. బయటివాళ్లు మీకు నేరుగా కనెక్ట్ కాలేరు, లిమిట్ 4000 పెట్టినా సగం ఖాళీగా పోవచ్చు. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) ఆన్ చేసి, రౌటర్ ఫైర్‌వాల్‌లో క్లయింట్ వాడే పోర్టు తెరిస్తే తీరుతుంది. కాకపోతే సీజీన్యాట్‌లో ఒకే ఐపీ ఎంతోమందిది, ఐపీవీ6 ముందుభాగం అచ్చంగా మీ ఇంటిదే.

కూకట్‌పల్లి_ఫ్లాట్:
చూశాను, 100.72తో మొదలవుతోంది. రేషియో 1 రాగానే ఆపేయొచ్చా అండి?

పోర్ట్_6881:
ఉబుంటుకైతే ఆపేయండి, దానికి సీడర్లకు కొదవ లేదు. స్వార్మ్ మొత్తంలో అప్‌లోడ్, డౌన్‌లోడ్ సమానం కాబట్టి ఒకరికి రేషియో 3 వస్తే మరొకరికి 1 కన్నా తగ్గక తప్పదు. ఆ స్లాట్లు ఒకరిద్దరే సీడర్లున్న పాత పుస్తకాలకు వదలండి, వాటికి రేషియో లిమిట్ అసలు పెట్టకండి.