సూర్యుడు ఆరిపోతాడు కదా టీచర్, మరి ఇదంతా ఎందుకు?

ప్రశ్న: సైన్సు టీచరు, కనిగిరి దగ్గర

తొమ్మిదో తరగతికి నక్షత్రాల గురించి చెబుతూ, సూర్యుడిలో ఇంధనం మరో 500 కోట్ల ఏళ్లకు అయిపోతుందన్నాను. చివరి బెంచీ అమ్మాయి లేచి, "అప్పుడు మనుషులెవరూ ఉండరు కదా టీచర్. ఏదీ మిగలనప్పుడు ఇదంతా ఎందుకు?" అంది. మాట్లాడేటప్పుడు ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. ఫ్లోరైడ్ నీళ్లకు పళ్లు గోధుమ రంగుకు తిరిగాయి.

"అది పరీక్షకు రాదు, కూర్చో" అన్నాను. అలా అన్నందుకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. నాకు పిల్లలు లేరు. నేను పోయాక లోకం ఏమైనా నాకు తెలియదు. అయినా మనుషులే లేకుండా పోతారనుకుంటే గుండె పిండినట్లవుతుంది. ఎందుకు? సోమవారం ఆ పిల్లకు ఏమి చెప్పాలి?

నర్సు, ఒంగోలు

నేను డయాలసిస్ గదిలో పనిచేస్తాను. అక్కడ సూర్యుడి గురించి ఎవరూ అడగరు. కూతురి పెళ్లి దాకా ఉంటానా అని అడుగుతారు. ముందు ఆ అమ్మాయిని పళ్ల డాక్టరుకు చూపించండి టీచర్ గారూ. దూరపు కాలం గురించి మాట్లాడేవాళ్లు పక్కనున్న మనిషిని మరిచిపోవడం చాలాసార్లు చూశాను.

వరి రైతు, కంభం

సోదరి మాట నిజమే. కానీ నేను అక్కడితో ఆగలేను.

మాకు కంభం చెరువు కింద నాలుగెకరాలు. గుండ్లకమ్మ నదికి అడ్డంగా రెండు కొండల మధ్య కట్ట వేసి 500 ఏళ్లు. రాణి వరదరాజమ్మ కట్టించిందంటారు. రాళ్లు మోసినవాళ్ల పేర్లు మాత్రం నాకు తెలియవు. వాళ్లకూ నేనెవరో తెలియదు. అయినా తూము దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే, నా కోసమే మోశారనిపిస్తుంది. మీకు పిల్లలు లేరన్నారు. మన పూర్వులు సప్తసంతానాలని లెక్కపెట్టినప్పుడు కొడుకు పక్కనే చెరువునూ, తోటనూ, కావ్యాన్నీ కూర్చోబెట్టారమ్మా.

ఏటా కాలువ పూడిక తీస్తాను. నేను పోయిన ముప్పై ఏళ్లకు లోకంలో ఎవరూ ఉండరని ఈ రోజే తెలిసిందనుకోండి. నా తిండికి లోటు లేదు, నా ఆయుష్షు తగ్గదు. అయినా పార పట్టబుద్ధి కాదు. అంటే నా పనికి రుచి ఇచ్చేవాళ్లు ఇంకా పుట్టలేదు. మీ గుండె పిండినట్లయ్యేది అందుకేనని నా నమ్మకం.

ఇంకొకటి చెప్పాలి. నేనూ మెట్ట చేలో మూడు బోర్లు వేశాను, ఒకదాన్ని మించి ఒకటి లోతుగా. రాతి పొరల్లోని ఫ్లోరైడ్ ఆ దారినే పైకి వస్తుంది. ఆ పిల్ల పళ్ల మీది మరక కూడా ముందు తరాలు ఇచ్చిందే. చెరువు ఇచ్చినదీ మనుషులే, ఇదీ మనుషులే.

పలకల కార్ఖానా, మార్కాపురం

ఒక చిన్న సవరణ. సూర్యుడి వేడి పెరుగుతూ పోతుంది కాబట్టి, సుమారు 100 కోట్ల ఏళ్లకే భూమి మీద సముద్రాలు నిలవవు. మనిషి పుట్టి మాత్రం 3 లక్షల ఏళ్లే. పలక మీద లెక్క వేశాను. 3 లక్షల ఏళ్లకు ఒక గీత గీస్తే, మిగిలిన కాలానికి మూడు వేల మూడు వందల గీతలు పైనే పడతాయి. మనం గీసింది ఒక్కటి. ఆ అమ్మాయికి పలక ఇచ్చి గీయమనండి.

సైన్సు టీచరు

సోమవారం ముందుగా అందరి ఎదుటా ఆ అమ్మాయిని క్షమించమన్నాను. తర్వాత గీతలు గీయించాను. యాభై దగ్గర చెయ్యి నొప్పి పుట్టి ఆపింది. చెరువు గురించి, బోర్ల గురించి చెబుతుంటే ఒక్క మాటా మాట్లాడలేదు. గంట కొట్టాక నా దగ్గరకు వచ్చి, "మా తమ్ముడికి నాలుగేళ్లు టీచర్. వాడికి ఇంకా పాలపళ్లే ఉన్నాయి" అంది.

ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగకూడదని చెప్పి, వీధి వీధికీ నీళ్లు పట్టుకురమ్మన్నాను. ఈ రోజు నా బల్ల మీద పదకొండు సీసాలున్నాయి. ఒక్కోదాని మీద బోరు ఎక్కడిదో ఆ అమ్మాయే రాసింది. శనివారం ఆమెను ఒంగోలు తీసుకొస్తున్నాను సోదరీ, మంచి పళ్ల డాక్టరు ఎక్కడున్నారో చెప్పండి.