గ్యాస్ కంటే కట్టెల పొయ్యే భూమికి మంచిదా? అమ్మకు ఏం చెప్పాలి?

టెక్కలి అమ్మాయి:
మా అమ్మకు 54 ఏళ్లు. టెక్కలి దగ్గర పల్లెలో నాన్నతో ఉంటుంది. రెండేళ్లుగా తెల్లవారుజామున దగ్గు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పోయిన నెల శ్రీకాకుళం తీసుకెళ్లి గొట్టంలోకి ఊదే పరీక్ష చేయించాం. డాక్టరు గారు రిపోర్టు చూసి మొదట అడిగింది "అడ్డపొగ అలవాటుందా అమ్మా?" అని. మా వైపు పెద్దవాళ్లలో నిప్పు లోపలికి పెట్టుకుని చుట్ట కాల్చే ఆడవాళ్లు ఉండేవారు, అందుకని. అమ్మ జన్మలో చుట్ట ముట్టలేదు. "మరి వంట దేని మీద?" అన్నారు. జీడి కట్టెలు, కొబ్బరి మట్టలు అని చెప్పింది. సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలి దారులు మూసుకుపోతూ వచ్చే దీర్ఘకాలిక జబ్బు అని తేల్చారు.

ఇంట్లో గ్యాస్ ఉంది. టీకి, చుట్టాలొస్తే కూరకి. అన్నం, స్నానాల నీళ్లు, ఆవుకు ఉలవలు అన్నీ కట్టెల మీదే. గ్యాస్ మీద వండమని నేను పోరుతుంటే ఎంటెక్ చదివే తమ్ముడు అడ్డం వచ్చాడు. "కట్టె కాలిస్తే వచ్చే కార్బన్‌ని మళ్లీ చెట్టే పీల్చుకుంటుంది. గ్యాస్ భూమిలోంచి తోడింది, దానివల్లే కదా భూమి వేడెక్కుతోంది" అంటాడు. అమ్మకు అదే చాలు. "చదువుకున్నోడు చెప్తున్నాడు కదే" అంటోంది. వాడన్నది నిజమేనా? అమ్మ ఊపిరి, భూమి, రెండింట్లో ఏదో ఒకటే దక్కుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

కాకినాడ మాస్టారు:
అమ్మాయ్, ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను, కాస్త వివరంగా రాస్తాను.

మీ తమ్ముడి మాటలో సగం సరైనదే. కట్టె పూర్తిగా కాలి, కొట్టిన చెట్టు చోట ఇంకోటి పెరిగితే కార్బన్ డయాక్సైడ్ వరకు ఆ లెక్క నడుస్తుంది. కానీ మన పొయ్యిలో కట్టె ఎక్కడ పూర్తిగా కాలుతుంది? అన్నం గిన్నె అడుగు చూడమను. ఆ మసి, కాలకుండా మిగిలిపోయిన కట్టే. గిన్నెకు అంటింది కొంచెమే. మిగతాది పొగతో లేచి కొంత బయటికి, కొంత అమ్మ ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. ఆ రేణువుల్లో ఎక్కువ భాగం 2.5 మైక్రాన్ల కంటే చిన్నవి. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు, అందుకే అంత లోతుకి దిగుతాయి.

మసితో పాటు మీథేన్ కూడా వస్తుంది. అది గాలిలో పన్నెండేళ్లే ఉంటుంది గానీ, 20 ఏళ్ల లెక్క తీస్తే కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది. మసి నల్లనిది కదా, గాలిలో తేలుతూ ఎండ వేడిని పట్టేస్తుంది. హిమాలయాల మంచు మీద వాలితే ఆ మంచు తొందరగా కరుగుతుంది. అంటే అమ్మను దగ్గిస్తున్న పొగే భూమినీ వేడెక్కిస్తోంది. ఒకదాన్ని కాపాడితే రెండోది పోతుందన్న భయం మీకు అక్కర్లేదు.

ఇంకో సంగతి మీ తమ్ముడికి తప్పకుండా చెప్పండి. కార్బన్ డయాక్సైడ్ వందల ఏళ్లు ఉంటుంది. మసి మాత్రం కొన్ని రోజులు, మహా అయితే రెండు వారాలు. ఒక వాన పడితే కడిగేస్తుంది. కాబట్టి పొయ్యి ఆపిన మేలు ఆ పూటే ఆ వంటింట్లో కనిపిస్తుంది, మనవల దాకా ఆగక్కర్లేదు.

ఇక గ్యాస్ లెక్క. 14.2 కిలోల సిలిండర్ మొత్తం కాలిస్తే ఇంచుమించు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. పద్దెనిమిది లీటర్ల పెట్రోలు కాల్చినంత. ఇద్దరు మనుషుల వంటకు అది రెండు నెలలకు పైనే వస్తుంది. మామూలు కట్టెల పొయ్యి వేడిలో గిన్నెకు చేరేది పది పదిహేను శాతమే, గ్యాస్‌లో సగానికి పైగా చేరుతుంది. అంటే అదే వంటకు గ్యాస్‌లో వృథా అయ్యే వేడి చాలా తక్కువ.

పొగగొట్టం పెట్టిస్తే చాలదా అంటారేమో. 1950ల మొదట్లోనే హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో ఎస్.పి. రాజు గారు అలాంటి పొయ్యి తయారు చేశారు. ఆయన మీద నాకు చాలా గౌరవం. అయితే గొట్టం పొగను వంటింట్లోంచి పంపుతుందే గానీ పుట్టకుండా ఆపదు. అది పెరట్లో తిరిగి, పక్కింటికి పోతుంది.

రిటైర్డ్ ఏఎన్ఎం, నర్సీపట్నం:
ఇలాంటి దగ్గు ఎంతమందిలో చూశానో. అందరూ టీబీ అనుకుని కఫం పరీక్షకు వచ్చేవారు. పరీక్షలో ఏమీ తేలేది కాదు, పొయ్యి గురించి ఎవరూ అడిగేవారు కాదు. వంటింటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. న్యుమోనియా వచ్చే చంటిపిల్లలూ అందులో ఉన్నారు.

ఒక్క మాట దాచకుండా చెప్తాను తల్లీ. అమ్మకు పోయిన ఊపిరి పూర్తిగా తిరిగి రాదు. పొగ ఆపితే ఇంకా పోకుండా నెమ్మదిస్తుంది, దగ్గు తగ్గుతుంది. కానీ టీకి గ్యాస్, అన్నానికి కట్టెలు అంటే పెద్ద ప్రయోజనం ఉండదు. రోజులో గంట పొగైనా గాలిని పాడు చేస్తుంది.

రాజాం రవి:
డబ్బు సంగతి కూడా చూడాలండి. మా ఇంట్లో అసలు కారణం అదే. 2024 దీపావళి నుంచి మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం-2 పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, తెల్ల కార్డుంటే అడగండి. మాకైతే ముందు మనమే కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే డబ్బు దగ్గరే మా అమ్మ ఆగిపోయేది. ఇప్పుడు నేను ఫోన్‌లో కడుతున్నాను.

ఇండక్షన్ కూడా చూడండి. కరెంటు బొగ్గుతోనే కదా అంటారు, ఇప్పటికి చాలావరకు నిజమే. అయినా ఆ పొగ అమ్మ ముఖం మీదకు రాదు. సోలార్ పెరిగే కొద్దీ అదే పొయ్యి ఇంకా శుభ్రమవుతుంది.

టెక్కలి అమ్మాయి:
మాస్టారూ, మీరు రాసింది తమ్ముడికి చదివి వినిపించాను. వాడు మీథేన్ లెక్క మళ్లీ చూసుకుని, రాత్రి తనే అమ్మకు ఫోన్ చేసి "నేను సగమే చెప్పానమ్మా" అన్నాడట. నాకు ఏడుపొచ్చింది.

నాలుగు రోజులుగా అన్నం గ్యాస్ మీదే. గంజి వార్చుకునేలా అదే గిన్నెతో మొదలుపెట్టింది, కుక్కర్ వద్దంది, సరే అన్నాను. స్నానాల నీళ్ల కాగు పెరట్లో, ఇంటికి దూరంగా పెట్టించాం. ఆ నీళ్లు నాన్న కాస్తున్నాడు. ఇక మిగిలింది ఆవుకు ఉలవలు. రోజూ గంటన్నర ఉడకాలి, గ్యాస్ మీద పెట్టడానికి మనసొప్పడం లేదంటుంది. ఉలవలు ఉడికించకుండా నానబెట్టి పెట్టేవాళ్లు ఎవరైనా ఉన్నారా? పాలు తగ్గుతాయా?