పూతకొచ్చిన కొమ్మ కోసి వాజ్‌లో పెడితే తప్పా?

కావలి కోడలు:
మా పెరట్లో నిమ్మ, బంగినపల్లి మామిడి, ప్రహరీ పక్కన వేప ఉన్నాయి. మామిడి పూత చివరికొచ్చింది, వేప ఇంకా మొదలు కాలేదు, నిమ్మ మాత్రం మాంచి జోరు మీదుంది. మొన్న పొద్దున్నే జానెడు నిమ్మ కొమ్మ కోసి పాత హార్లిక్స్ సీసాలో వేసి భోజనాల బల్ల మీద పెట్టాను, ఇల్లంతా ఒకటే వాసన. మర్నాడు సాయంత్రానికి బల్ల నిండా తెల్ల రెక్కలు రాలి, కొమ్మకి మిరియమంత పచ్చటి పిందెలు మిగిలాయి. అవి చూసి మా అత్తమ్మ "రెండు రోజుల ముచ్చటకి ఇన్ని కాయలు పోగొట్టావా" అని మొదలుపెట్టింది. మా ఆయన యథాప్రకారం వాళ్లమ్మ వైపే. బెంగళూరు నుంచి వచ్చిన గులాబీలు డబ్బు పోసి కొని పెడితే ఎవరూ ఏమీ అనరు, సొంత చెట్టు కొమ్మ కోస్తే మాత్రం పాపం అంటారు. మీరేమంటారు? పనిలో పని, ఇంకో రోజు నిలవాలంటే ఏం చేయాలో కూడా చెప్పండి.

ఒంగోలు మూడో అంతస్తు:
పెరడున్నవాళ్ల గొడవలు కూడా వినసొంపుగానే ఉంటాయి. కొయ్యండి మేడమ్, మీ చెట్టు మీ ఇష్టం.

బుచ్చి అమ్మమ్మ:
మీ ఇష్టం ఏంది నాయనా. అమ్మాయ్, మీ అత్తమ్మ చెప్పింది కాయల లెక్క ఒక్కటే కాదు. పూత మీద తేనెటీగలు తిరుగుతుంటాయి, వాటి నోటి కాడది తీసి బల్ల మీద పెట్టుకుంటే మనకి వచ్చేదేంది, ఒక పూట వాసన. అదే వాసన కిటికీ తెరిస్తే వస్తుంది గదా. రేపు వేప పూసినప్పుడు దాని మీద కూడా పడతావేమో, ముందే చెప్తున్నా. ఉగాది పచ్చడికి నాలుగు రెబ్బలు కోసుకో, మిగతాది చెట్టుకే వదిలెయ్. చెట్టు కింద పాత దుప్పటి పరిస్తే తెల్లారేసరికి రాలిన పూవంతా దాని మీదే ఉంటుంది, పుల్లలు ఏరేసి నీడన ఎండబెట్టి డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా నేతిలో వేయించుకుని అన్నంలో కలుపుకోవచ్చు, చారులో వేసుకోవచ్చు. వాజ్‌లో పెట్టిన పూవు చెత్తబుట్టలోకే గదా పోయేది.

పొదలకూరు నిమ్మతోట:
నిమ్మ మీద బతికేవాణ్ణి కాబట్టి నన్ను మాట్లాడనివ్వండి. అందరూ రైతు తిడతాడనుకుంటారు, నేను తిట్టను. జనవరి, ఫిబ్రవరిలో పూసిన నిమ్మ కాయ చేతికొచ్చేది జూన్, జూలైకి. అప్పటికి వానలు మొదలై, కాయ మార్కెట్‌ని ముంచెత్తి, రేటు ఏ స్థితిలో ఉంటుందో మా పొదలకూరు యార్డుకి వచ్చినవాళ్లకి తెలుసు. మాకు డబ్బు కళ్లపడేది వేసవి కాయతోనే. దాని పూత సెప్టెంబరు, అక్టోబరులో రావాలి. అందుకోసమే ముందుగా నీళ్లు ఆపి చెట్టుని వాడగొట్టి, తర్వాత ఎరువేసి తడులిస్తాం. ఆ పూత మీద ఎవరైనా చెయ్యేస్తే నేనే గొడవకి దిగుతా. ఇప్పటి పూతలో, అదీ పెరటి చెట్టు నుంచి, జానెడు కొమ్మ పోతే ఏమీ కాదు అక్కా. ఎటూ పూసిన పూవంతా కాయ కాదు, ఎక్కువ భాగం రాలిపోయేదే. నా అభ్యంతరం వేరే ఉంది: చేత్తో విరిచారా, కత్తెరతో కోశారా? విరిస్తే బెరడు చీరుకుపోతుంది, ఆ గాయంలోంచే గజ్జి తెగులు లోపలికి పోతుంది. కత్తెర శుభ్రంగా కడిగి, ఒక్క కోతతో తీయండి.

కనిగిరి మాస్టారు:
కోయాలా వద్దా అనేది మీరు మీరు తేల్చుకోండి, కోశాక ఏం చేయాలో నేను చెప్తా. ఎండెక్కకముందే కోయాలి, పూర్తిగా విచ్చినవి కాదు, సగం మొగ్గ మీదున్న కొమ్మ తీసుకోవాలి. మీరు విచ్చినదే కోసి ఉంటారు, అందుకే మర్నాటికే రాలింది. కొసని ఏటవాలుగా కోసి, కొమ్మ గట్టిదైతే అడుగున అంగుళం మేర నిలువునా చీల్చండి. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసేయాలి, లేకపోతే కుళ్లి నీళ్లు కంపు కొడతాయి. కొంచెం చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేయొచ్చు. నిమ్మరసం లేకుండా ఉత్త చక్కెర వేస్తే బ్యాక్టీరియాకి విందు పెట్టినట్టే. ఫ్యాన్ కింద పెట్టొద్దు, పండిన అరటిపళ్ల పక్కన అసలే వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్‌కి పూలు తొందరగా రాలతాయి. ఇక నీళ్లు. మా వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే, జెర్బెరా, గ్లాడియోలస్ లాంటి వాటికి అది పడదు, రెక్కల అంచులు మాడిపోతాయి. తాగే క్యాన్ నీళ్లు గ్లాసెడు పోయండి, ఆస్తులేం కరిగిపోవు.

కావలి కోడలు:
థాంక్స్ మాస్టారూ. నిమ్మతోట అన్నా, కత్తెరతోనే కోశాను, కడగలేదు. బుచ్చి అమ్మమ్మగారూ, కిటికీ తెరిస్తే వాసనతో పాటు దోమలు కూడా వస్తాయి! అదీగాక చెట్టు మీద పూవుని పైకి చూసి పోతాం, బల్ల మీద ఉంటేనే దగ్గరగా చూస్తాం. మా పిల్లాడు నిమ్మపూవు మధ్యలో పచ్చటి బొడిపె చూసి "ఇదే కాయవుతుందా" అని అడిగాడు. చెట్టు కింద ఎన్నిసార్లు ఆడుకున్నా వాడికి ఆ ప్రశ్న రాలేదు. మామిడి పూత గెల కూడా ఒకటి పెడదామనుకుంటున్నా, అందులో వందల పూలుంటాయి, నిలిచేవి ఒకటో రెండో.

ఒంగోలు మూడో అంతస్తు:
మామిడి మాత్రం వద్దండీ, మా అత్తగారింట్లో చూశాను. గెలతో పాటు తేనెమంచు పురుగులు లోపలికొచ్చాయి, గుడ్డ మీద జిగురు చుక్కలు, దానికి చీమలు. పైగా కోసిన చోట సొన కారుతుంది, చర్మానికి తగిలితే బొబ్బలు. గన్నేరు పెట్టుకోండి హాయిగా, కాయల గొడవే ఉండదు.

కనిగిరి మాస్టారు:
గన్నేరా? పిల్లలున్న ఇంట్లోనా? గన్నేరు ఆకు, పూవు, కొమ్మ అన్నీ విషమే, అది నానిన నీళ్లు కూడా. ఆ సలహా వెనక్కి తీసుకోండి బాబూ.

బుచ్చి అమ్మమ్మ:
పిల్లాడు అడిగాడన్నావు చూడూ, అక్కడ నేను కొంచెం తగ్గాను. కానీ వాణ్ణి చెట్టు దగ్గరికే ఎత్తుకుపోయి చూపించొచ్చు గదా, కొమ్మ వంచితే అందదా? సరే, కోసేదేదో పొద్దున పూటే కొయ్యి, దీపాలు పెట్టాక చెట్టుని ముట్టొద్దు. అత్తమ్మకి చెప్పి కొయ్యి, చెప్పకుండా కోసినందుకే సగం కోపం వచ్చుంటుంది.

పొదలకూరు నిమ్మతోట:
దానికంటే తేలిక దారి ఉందక్కా. ఎండలు ముదిరేలోపు కరెంటు తీగలకి తగిలే కొమ్మలు ఎలాగూ కొట్టేస్తారు, మీ వేప ప్రహరీ పక్కనే అంటున్నారు కాబట్టి అది తప్పదు. అప్పటికి పూత ఉంటే ఆ కొమ్మల్లోంచి తీసుకోండి, అత్తమ్మ కూడా ఏమీ అనదు. నిమ్మకైతే నేల తాకే కింది కొమ్మలు ఎప్పుడైనా తీసేయాల్సినవే, వాటినే కోయండి, ముళ్లు చూసుకుని.

కావలి కోడలు:
నేల తాకేవి రెండున్నాయి, రేపు అత్తమ్మ చేతే కోయిస్తా. ఒప్పుకోకపోతే మళ్లీ ఇక్కడికే వస్తా.