జెనిత్ 750కి సుబారు ఇంజనా, కార్వైర్ ఇంజనా?

ప్రశ్న (డాలస్):
అందరికీ నమస్కారం. జెనిత్ సీహెచ్ 750 అనే రెండు సీట్ల విమానాన్ని మా గ్యారేజీలో సొంతంగా తయారు చేసుకుంటున్నాను. రెక్కలు, తోక పూర్తయ్యాయి. విమానాల కోసమే తయారయ్యే కాంటినెంటల్ ఓ-200 ఇంజన్‌ను కొత్తది కొనే స్తోమత లేదు. తెలిసిన మెకానిక్ ఒకరు సుబారు ఈజే22 ఇంజన్ ఇస్తానంటున్నారు. కారులో రెండు లక్షల మైళ్లు తిరిగినా చెక్కుచెదరలేదని ఆయన భరోసా. 1960ల నాటి షెవ్రొలే కార్వైర్ ఇంజన్‌ను వాడేవారూ ఉన్నారు. అంత పాత ఇంజన్‌ను నమ్మవచ్చా?

జవాబు (టల్సా):
మైళ్ల లెక్క ఇక్కడ పనికిరాదండీ. హైవే మీద కారు ఇంజన్ తన శక్తిలో కొంత భాగమే వాడుకుంటుంది. విమానంలోనైతే పైకెక్కేంతసేపూ పూర్తి థ్రాటిల్‌తోను, ఆ తరువాత గంటల తరబడి ముప్పాతిక శక్తితోను నడవాలి. అసలు చిక్కు ప్రొపెల్లర్ దగ్గర ఉంది. ఆరడుగుల ప్రొపెల్లర్ నిమిషానికి 2,700 చుట్లు తిరిగితే దాని కొన వేగం సెకనుకు దాదాపు 850 అడుగులు. సుబారు పూర్తి శక్తినిచ్చే 5,500 చుట్ల ప్రాంతంలో నేరుగా తిప్పితే అది 1,700 అడుగులు దాటి, ధ్వని వేగాన్ని మించిపోతుంది; అప్పుడు ప్రొపెల్లర్ సరిగా పనిచేయదు. అందుకే మధ్యలో వేగం తగ్గించే గేర్‌బాక్సో బెల్టో తప్పనిసరి. సిలిండర్ మండిన ప్రతిసారీ క్రాంక్‌షాఫ్ట్‌లో (పిస్టన్లు తిప్పే ఇరుసులో) పుట్టే మెలి కుదుపులు ప్రొపెల్లర్ జడత్వంతో కలిసి అనునాదానికి (కుదుపులు ఒకదానికొకటి తోడై పెరిగిపోవడానికి) దారితీస్తే ఆ గేర్ల పళ్లు విరిగే ప్రమాదముంది. ఇంజన్ గట్టిదైనంత మాత్రాన ఈ ప్రమాదం పోదు.

జవాబు (ఫీనిక్స్):
నా ఓటు కార్వైర్‌కే. గాలితో చల్లబడే ఆరు సిలిండర్ల ఇంజన్ కనుక రేడియేటర్ అక్కర్లేదు. నిమిషానికి 3,000 పైచిలుకు చుట్లతో ప్రొపెల్లర్‌ను నేరుగా తిప్పుతుంది కనుక గేర్‌బాక్సూ అక్కర్లేదు. సొంతంగా విమానాలు రూపొందించిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ 1960లలోనే దీనిని తన ఎయిర్ క్యాంపర్ విమానానికి అమర్చారు. అయితే ప్రొపెల్లర్ వంచే బలాన్ని తట్టుకునేలా కారు క్రాంక్‌షాఫ్ట్‌ను రూపొందించలేదు. కొన్ని గాలిలోనే విరిగాయి కూడా. ఆ తరువాతే క్రాంక్‌కు నైట్రైడింగ్ (నత్రజనితో ఉక్కు పైపొరను గట్టిపరచడం) చేయించడం, ప్రొపెల్లర్ వైపు ఐదవ బేరింగ్ బిగించడం వాడుకలోకి వచ్చాయి. ఆ రెండూ లేని ఇంజన్‌ను ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోకండి.

జవాబు (టల్సా):
ఫీనిక్స్ మిత్రులతో ఏకీభవిస్తున్నాను. సుబారు వైపే మొగ్గితే మాత్రం, ఓ-200లోని మాగ్నెటోలకు (నిప్పురవ్వకు కావలసిన కరెంటును తామే పుట్టించుకునే పరికరాలకు) బ్యాటరీతో పని లేదని, సుబారు కంప్యూటర్, ఇంధన పంపు కరెంటు పోతే ఆగిపోతాయని గుర్తుంచుకుని రెండవ బ్యాటరీని విడి వైరింగ్‌తో పెట్టండి. ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నా, విమానాల కోసం ప్రభుత్వ ధ్రువీకరణ లేని ఇంజన్ కాబట్టి తొలి పరీక్షా దశకు, ధ్రువీకరించిన ఇంజన్, ప్రొపెల్లర్ జంటకు పెట్టే 25 గంటలకు బదులు మామూలుగా 40 గంటలు ఎగరవలసి ఉంటుంది; పెట్రోలు ఖర్చులో దానినీ కలుపుకోండి.