విమానం మానాలా, కారు మార్చాలా? మీ సలహా కావాలి

అందరికీ నమస్కారం. మేం అమెరికాలో ఉంటున్నాం. ఇక్కడ సగటున ఒక్కో మనిషి లెక్కలో ఏడాదికి దాదాపు 14 టన్నుల కార్బన్ డయాక్సైడ్ పడుతుంది. ఇండియాలో అది సుమారు 2 టన్నులు. ఈ తేడా చూసినప్పటి నుంచి మనసు ఊరుకోవడం లేదు.

ప్లాస్టిక్ సంచులు మానేశాం, ఎల్‌ఈడీ బల్బులు పెట్టాం. లెక్క వేస్తే అవన్నీ చిల్లర. అసలు బరువు పెట్రోలు కారు, చలికాలంలో గ్యాస్‌తో ఇల్లు వేడి చేయడం, రెండేళ్లకోసారి ఇండియా ప్రయాణం. ఆ విమానం ఒక్కటే రానూపోనూ మనిషికి 2 టన్నుల పైమాటే. అమ్మానాన్నల్ని వీడియో కాల్‌లో చూసి సరిపెట్టుకోమంటే మాత్రం నావల్ల కాదు, ముందే చెప్తున్నా. ఇల్లు అద్దెది, గ్యాస్ బదులు కరెంటుతో ఇల్లు వేడి చేసే హీట్ పంప్ పెట్టించే హక్కు నాకు లేదు. దగ్గర్లో బస్సు కూడా లేదు.

మావారేమో "కార్బన్ ఫుట్‌ప్రింట్ (ఒక్కో మనిషి వల్ల ఎంత కర్బనం వెలువడుతుందనే లెక్క) అనే మాటను 2000ల్లో అంతగా ప్రచారం చేసింది బీపీ అనే చమురు కంపెనీయే, తప్పంతా మన మీదికి నెట్టడానికి" అంటారు. ప్రచారం సంగతి నిజమే. అలాగని చేతులు ముడుచుకు కూర్చోవాలా?

పాత కారు బాగానే నడుస్తోంది. ఇప్పుడే ఎలక్ట్రిక్‌ది కొనడం మేలా, ఇది పాడయ్యేదాకా వాడాలా? కొత్త బ్యాటరీ తయారీలోనూ కర్బనం వెలువడుతుందిగా. అద్దె ఇంట్లో ఉంటూ గ్యాస్ వాడకం తగ్గించినవాళ్లు ఏం చేశారు? ఓనర్‌ని ఒప్పించినవాళ్లుంటే ఎలా మాట్లాడారో కూడా చెప్పండి.