దొంగకి మూడేళ్ళేనా? శిక్షలు మరీ మెత్తగా లేవా?

ఉప్పుటేరు: మా రొయ్యల చెరువు మీద ఏరేటర్ల మోటార్లు విప్పుకుపోయారు. నేనే పట్టుకుని స్టేషన్లో అప్పగించాను. రిమాండ్ అన్నారు, బెయిల్ అన్నారు. ఇప్పుడా కుర్రాడు మా గట్టు మీదే బీడీ కాలుస్తూ నన్ను చూసి నవ్వుతున్నాడు. చోరీకి చట్టంలో మూడేళ్ళకి మించి లేదట. రాత్రి ఏరేటర్ తిరక్కపోతే ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోతుంది. లక్షలు పోతాయి. పదేళ్ళు వేస్తేనే గాని భయం ఉండదు.

పిల్లకాలువ: బెయిలొస్తే శిక్ష తప్పినట్టు కాదండీ. కేసింకా నడుస్తోంది కదా.

ఉప్పుటేరు: అది తేలేదాకా మోటార్లు మీరిస్తారా?

అమలాపురం_అబ్బాయి: 2024 జులైలో ఐపీసీ పోయి కొత్త చట్టం, భారతీయ న్యాయ సంహిత, వచ్చినప్పటి నుంచి ఇంకా మెత్తన. సొత్తు 5000 లోపుండి, మొదటి నేరమై, తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరి.

ఉప్పుటేరు: 5000కి మోటారొస్తుందా బాబూ?

పిల్లకాలువ: మా నాన్న సైకిల్ మీద కాలవగట్టు రోడ్డున వస్తుంటే కారు గుద్దేసింది. ప్రాణం పోయింది. అప్పుడు ఐపీసీ 304ఎ సెక్షన్, అంటే అజాగ్రత్తతో చావుకి కారణమవడం. ఎక్కువలో ఎక్కువ రెండేళ్ళు, స్టేషన్లోనే బెయిల్. మోటారుకి మూడేళ్ళు, మనిషికి రెండేళ్ళు! ఆ రెండేళ్ళూ పడలేదు. కళ్ళారా చూసిన ఇద్దరూ బోనెక్కి మాకేం తెలీదన్నారు. కారు ఎవరిదో ఊరందరికీ తెలుసు. సాక్షి నోరు విప్పనప్పుడు శిక్ష ఇరవయ్యేళ్ళని రాసుకుంటే మాత్రం ఏం లాభం?

అమలాపురం_అబ్బాయి: కొత్త చట్టంలో అది 106 సెక్షన్. అయిదేళ్ళు. పాత లెక్కలు చెప్పకండి.

పిల్లకాలువ: మా కేసు పాతదేనండీ.

అమలాపురం_అబ్బాయి: అయినా ఇప్పుడు అయిదేళ్ళు.

లంకరైతు: మెత్తన అంటే వెంకటాయపాలెం శిరోముండనం కేసు చూడండి. దళిత యువకులకి గుండు గీసింది 1996 డిసెంబరులో. తీర్పు 2024 ఏప్రిల్లో. వేసింది 18 నెలలు.

ఉప్పుటేరు: మధ్యలో కులం ఎందుకు తెస్తారు? మోటార్ల సంగతి మాట్లాడండి.

నరసాపురం_లేసు: ఆయ్, మొదలైందండీ.

లంకరైతు: కులం అనగానే మీకెందుకంత ఉలుకు? ఆ కుర్రాణ్ణి పట్టుకుని అప్పగించానన్నారు. ఎప్పుడు పట్టుకున్నారు, ఎప్పుడు అప్పగించారు?

ఉప్పుటేరు: రాత్రి దొరికాడు. షెడ్డులో కట్టేసి పొద్దున అప్పగించాం. వదిలేస్తే పారిపోడా?

లంకరైతు: పట్టుకోవచ్చు. వెంటనే అప్పగించాలి. రాత్రంతా కట్టేస్తే అక్రమ నిర్బంధం, దానికీ ఏడాది దాకా జైలుంది. అదీ పదేళ్ళు చేద్దామా?

ఉప్పుటేరు: నా సొత్తు నేను కాపాడుకుంటే నేరమా? దొంగల్ని వెనకేసుకొచ్చేవాళ్ళకేం తెలుస్తుంది నా బాధ! నా దగ్గర జీతం తీసుకుంటూ, నా గట్టు మీదే పడుకుంటూ, నా మోటార్లే విప్పాడు వెధవ.

పిల్లకాలువ: ఆగండాగండి. అతను మీ కాపలా కుర్రాడా?

ఉప్పుటేరు: అయితే?

అమలాపురం_అబ్బాయి: అయితే మూడేళ్ళు కాదండీ! పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే 306 సెక్షన్. ఏడేళ్ళ దాకా వెయ్యొచ్చు. ఫిర్యాదులో మా పనివాడని రాయించలేదా?

ఉప్పుటేరు: లేదు.

అమలాపురం_అబ్బాయి: ఎందుకని?

ఉప్పుటేరు: పనివాడని రాస్తే జీతం బాకీ సంగతి బయటికొస్తుంది, వద్దన్నాడు లాయరు. పంట పోయిన ఏడు ఎవరికి బాకీ ఉండదండీ?